నాలుగు సెంటీమీటర్లు

మా చెల్లి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేది. గింజ మీది ఎర్రటి పొట్టు తీసి, పప్పు బద్దలు కాకుండా గుండుగా పళ్లెంలో వేయడం ఆమె పని. చేతి వేగంలో ఆమెను మించినవాళ్లు ఆ షెడ్డులో లేరు. రెండువేల దశకం సగం దాటాక ఒక వేసవి మధ్యాహ్నం, పళ్లెం ముందు కూర్చున్న మనిషి ఉన్నట్టుండి ముందుకు వాలిపోయింది. రెండు భుజాల మధ్య గునపం దిగినట్టయిందట. పక్కనున్న ఆడవాళ్లు వాతం అన్నారు. వీపుకి జండూబామ్ రాసి, నీళ్లు తాగించి, కాసేపు గోడకి చేర్చి కూర్చోబెట్టారు. సాయంత్రం ఎప్పటిలా బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

మా ఊరు సోంపేటకి దగ్గర, ఉద్దానంలో. కొబ్బరి, జీడి తోటల మధ్య ఇల్లు. నేను పెళ్లయ్యాక టెక్కలి వచ్చేశాను, అక్కడే పక్క పల్లెలో పంతులమ్మ ఉద్యోగం. ఊళ్లో అమ్మా, అక్కనైన నన్ను 'అప్పా' అని పిలిచే చెల్లీ ఉండేవాళ్లు. నాన్న అప్పటికే లేరు. కిడ్నీలు చెడి పోయారు. మా ప్రాంతంలో ఆ ఒక్క ముక్క చెప్తే చాలు, మిగతాదంతా ఎవరికి వాళ్లే చెప్పుకోగలరు, ఎందుకంటే అందరి ఇళ్లలోనూ అదే జరిగింది.

చెల్లి ఎత్తు నాలుగున్నర అడుగులు. పదకొండేళ్ల పిల్లప్పుడు ఎంత ఉందో పెద్దయ్యాకా దాదాపు అంతే. మెడకి రెండు పక్కలా చర్మం కాస్త రెక్కల్లా విప్పారి ఉండేది. రజస్వల కాలేదు. అమ్మ ఆమెని తీసుకెళ్లని వైద్యుడు లేడు, మొక్కని దేవుడు లేడు. బలం మందులు, ఆకు పసర్లు, ఇచ్ఛాపురం అవతల ఒరియా వైద్యుడు ఇచ్చిన పొడి, అన్నీ అయ్యాయి. ఒక్కరూ ఇది ఫలానా జబ్బు అని చెప్పలేదు. "కొందరు అంతే" అనేవారు.

ఆమె మాత్రం "అంతే" అని ఊరుకునే మనిషి కాదు. ఒకసారి నాతో టెక్కలి వస్తుంటే బస్సులో కండక్టరు, "పాపకి ఆఫ్ కొట్టమంటారా?" అని నన్నడిగాడు.

"పాపెవులు?" అంది చెల్లి. "నాకు ఇరవయ్యేడు. పూర్తి టికెట్టు కొట్టు."

బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆ టికెట్టు చేతిలో గట్టిగా పట్టుకుని టెక్కలి దాకా కిటికీలోంచి బయటికే చూసింది.

నొప్పి మళ్లీ వచ్చింది. కాశీబుగ్గలో ఒక డాక్టరుకి చూపిస్తే బీపీ చాలా ఎక్కువగా ఉందన్నాడు. ఊరి పేరు అడిగాడు. చెప్పగానే పెన్ను కింద పెట్టి, కిడ్నీ పరీక్ష చేయించుకు రమ్మన్నాడు. అది వినగానే అమ్మ అక్కడే అరుగు మీద కూలబడిపోయింది. మర్నాడు రిజల్టు వచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలగలేదు. కిడ్నీలు బాగున్నాయని తెలిసిన రోజు అమ్మ వీధిలో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పింది, "మా గుంటకి కిడ్నీ కాదంట!" అని. అంత సంతోషం మా ఇంట్లో నాన్న పోయాక మళ్లీ అదే. ఒంట్లో వేరే ఏదో ఉందని, ఆ నొప్పికి ఇంకా కారణం దొరకలేదని ఎవరికీ పట్టలేదు. నాకూ పట్టలేదు.

బీపీ బిళ్లలు వేసుకున్నా నొప్పి పోలేదు. అప్పుడు టెక్కలిలో మాకు తెలిసిన డాక్టరుకి చూపించాను. ఆయన గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, ఏదో అదనపు చప్పుడుంది, శ్రీకాకుళం వెళ్లి ఎకో తీయించండి అన్నారు. తీయించాం. అక్కడి గుండె డాక్టరు నెమ్మదస్తుడు. కాగితం మీద గుండె బొమ్మ గీసి, అందులోంచి పైకి వెళ్లి వంపు తిరిగే పెద్ద రక్తనాళాన్ని చూపించాడు.

"ఇది కాస్త సాగింది. నాలుగు సెంటీమీటర్లుంది. ఐదున్నర దాటితే ఆపరేషను గురించి ఆలోచిస్తాం. అందాకా బీపీ అదుపులో పెట్టుకోండి, ఏడాదికోసారి చూద్దాం."

"భయం లేదంటారా?"

"ఇప్పటికైతే లేదమ్మా."

ఆ మాట పట్టుకుని తిరిగొచ్చాం. నాలుగుకీ ఐదున్నరకీ మధ్య చాలా దూరం ఉన్నట్టనిపించింది. అమ్మకి చెప్తే దేవుడి పటం ముందు నిలబడి, "పెరక్కుండా సూడు తల్లీ" అని దండం పెట్టింది. పెట్టాక తనకే ఏదో తోచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ పిల్ల పెరగాలని పాతికేళ్లు మొక్కిన మనిషి మరి.

కార్తీకం వచ్చేసరికి చెల్లి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. ఒకరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. బడికి ఫోనొస్తే నేను పిల్లల్ని పక్క టీచరుకి అప్పజెప్పి పలాస పరుగెత్తాను. ఈసారి శ్రీకాకుళంలో ఆగకుండా విశాఖపట్నం తీసుకెళ్లాను. ఎవరో చెప్పారని ఒక ఆసుపత్రిలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు చూసే డాక్టరు దగ్గర చీటీ రాయించాను.

మేం గదిలోకి వెళ్లగానే ఆయన మా చేతిలో కాగితాలు అడగలేదు. చెల్లిని చూశాడు. ముఖం, మెడ, చేతులు, అంతా. అవమానంగా కాదు. కానీ చెల్లికి అలవాటైన కోపం వచ్చేసింది.

"ఏటి సూత్తన్నారు?"

"నీ జబ్బు చూస్తున్నానమ్మా," అన్నాడాయన. "నువ్వు పుట్టినప్పటినుంచీ ఉన్నది. ఎవరూ చెప్పలేదా?"

ఆడపిల్లల్లో అరుదుగా పుట్టుకతోనే వచ్చే తేడా అది అని చెప్పాడు. పొట్టిగా ఉండిపోవడం, పెద్దమనిషి కాకపోవడం, ఆ మెడ, ఆ బీపీ అన్నీ దాని కొమ్మలేనన్నాడు. కొందరికి గుండె దగ్గరి పెద్ద రక్తనాళం గోడ కూడా బలహీనంగా ఉంటుందట. మా అమ్మ చెయ్యని తప్పుకి ఇన్నేళ్లూ ఊరి ఆడవాళ్లు ఆమె గర్భాన్ని అన్న మాటలు నాకు గుర్తొచ్చాయి. ఒక్క క్షణం ఏడుపొచ్చింది. కానీ ఆయన ఆగలేదు. చెల్లిని గోడకున్న గీతల పట్టీకి ఆనించి నిలబెట్టి ఎత్తు చూశాడు, తూకం మీద నిలబెట్టి బరువు చూశాడు. సొరుగులోంచి ఒక అట్ట తీశాడు. దానిమీద ఒక పక్క ఎత్తు, ఇంకో పక్క బరువు అంకెలు. రెండిటి మీదా స్కేలు పెట్టి, మధ్య గీతని అది ఎక్కడ కోసిందో చూశాడు. మనిషి ఒళ్లంతా కలిపి ఎంత వైశాల్యముందో అది చెప్తుందట. శ్రీకాకుళం వాళ్లు రాసిన నాలుగుని ఆ అంకెతో భాగించాడు. మళ్లీ భాగించాడు. స్కేలు పక్కన పెట్టేశాడు.

"ఆరడుగుల మగాడికి నాలుగు సెంటీమీటర్లంటే కాస్త వెడల్పు అంతే," అన్నాడు నాతో. "ఈమె ఒంటికి ఆ నాళం ఉండాల్సింది అందులో సగం కంటే కొంచెం ఎక్కువ. మామూలు ఎత్తున్న ఆడమనిషికి ఇదే లెక్క వేస్తే ఆరుకి దగ్గరవుతుంది."

"ఐదున్నర దాటితేనే అన్నారండీ అక్కడ."

"పుస్తకాల్లో అలాగే ఉంది. అది పెద్ద ఒళ్లున్న మనుషుల్ని చూసి రాసిన అంకె. ఈమె ఆ ఐదున్నర దాకా రాదమ్మా. వచ్చేలోపే చిరిగిపోతుంది."

చెల్లి అడిగింది, "సిరిగితే నాకు తెలుత్తాదా?"

ఆయన ఆమె వైపు తిరిగాడు. "తెలుస్తుంది," అన్నాడు.

నేను మూర్ఖురాలిని కాదు, కానీ రెండు చోట్ల రెండు మాటలు వింటే ఎవరికైనా ఎటూ తోచదు. తిరుగు ప్రయాణంలో చెల్లిని బస్సులో ఇంటికి పంపి, నేనొక్కదాన్నే శ్రీకాకుళంలో దిగి మొదటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన విసుక్కోలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివాడు.

"నేను మీకు అబద్ధం చెప్పలేదమ్మా. గుండెని ఆపి చేసే ఆపరేషను. బల్ల మీదే పోవచ్చు. ఇంకా అవసరం రాని మనిషిని బల్ల ఎక్కించి పోగొట్టుకుంటే, మీరు జీవితాంతం బాధపడతారు. ఈ ఒంటి లెక్క పిల్లలకి వాడతారు. పెద్దవాళ్లకి ఎంతవరకు పనికొస్తుందో నాకు నమ్మకం లేదు."

ఆయన కళ్లలో నిజాయితీ ఉంది. విశాఖపట్నం డాక్టరు కళ్లలోనూ ఉంది. అదే నాకు నరకమైపోయింది. ఒకరు మోసగాడైతే రెండోవాళ్లని నమ్మేదాన్ని. బస్టాండులో పలాస బస్సులు ఒకటి తర్వాత ఒకటి వెళ్లిపోతుంటే సిమెంటు బెంచీ మీద కూర్చుండిపోయాను. ఆపరేషను చేయిస్తే నేనే చంపినదాన్నవుతాను. చేయించకపోతే నేనే చంపినదాన్నవుతాను. ఎటు తిప్పినా అదే.

ఇంట్లో అమ్మ ఒప్పుకోలేదు.

"మీ నాన్న ఆస్పత్రికి నడిసి ఎల్లినాడు. ఎలా తిరిగొచ్చినాడో నువ్వు సూసినావు గదా? రెండు నోళ్లు రెండు మాటలు సెప్తే ఏది ఇనాలి? ఆ మొదటాయన పెద్దాయన. ఆగమన్నాడు, ఆగుదాం."

"ఆగితే ఏటవుద్దో రెండో ఆయన సెప్పినాడమ్మా," అన్నాను. అమ్మ దగ్గర కూర్చుంటే నా మాట నా ఊరి మాటైపోతుంది.

"నువ్వేటంతావు మరి? కొయ్యమంతావా?"

చెల్లి తోటలోంచి వచ్చి గడపలో నిలబడి మా ఇద్దరి మాటలూ వింటోందని అప్పుడు చూశాను.

"నన్నడగండి ఎవులైనా," అంది. "నొప్పి నాది. నాను ఎల్తాను."

"తల్లీ..."

"అమ్మా, ఇను. నాను పొట్టిదాన్నని ఊరంతా సూసినాది. మందులిచ్చినోలు ఇంతమంది, ఒక్కలూ సూడనేదు. ఆయనొక్కడే నిలబెట్టి కొలిసినాడు. ఆయన మాటే నమ్ముతాను. పోతే పోతాను."

అమ్మ ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున బట్టలు సర్దుతుంటే మాత్రం వచ్చి, సంచీ అడుగున కొబ్బరి లౌజు డబ్బా పెట్టింది.

ఆసుపత్రిలో చేర్చుకున్న రోజు, ఎత్తు చూసి ఆమెకి పిల్లల వార్డులో మంచం ఇచ్చారు. గోడల మీద కుందేళ్ల బొమ్మలు. ఒక నర్సు వచ్చి, "పాపకి అమ్మానాన్నలు ఎవరు? ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టాలి," అంది.

"పాపెవులూ లేరిక్కడ. నానే పెద్దదాన్ని. కాగితం నాకియ్యి," అని చెల్లి చెయ్యి చాపింది. ఏడో తరగతి దాకా చదివింది, ప్రతి లైనూ వేలు పెట్టి చదివి, తన పేరు పూర్తిగా రాసి సంతకం చేసింది. తర్వాత పెద్దవాళ్ల వార్డుకి మార్చేదాకా అన్నం ముట్టనంది. ఆమెకి కోపం రాకూడదని, బీపీ ఒక్కసారి ఎగిరితే నాళం తట్టుకోదని డాక్టరు నాకు గట్టిగా చెప్పి ఉన్నాడు. నేను ఆమె పాదాల మీద చెయ్యి వేశాను.

"కోపం తెచ్చుకోకే. నీ కాల్లు పట్టుకుంతాను."

"కోపం వత్తే సత్తానా? ఐతే ఆల్లని ఊరుకోమను."

మార్చారు. కానీ ఆపరేషను రోజు వచ్చేసరికి చెల్లికి జ్వరం. వాయిదా వేశారు. జ్వరం తగ్గేసరికి ఇంకెవరికో అత్యవసరమని మళ్లీ వాయిదా. ఆ ఎదురుచూపు గురించి నాకు రాయడం చేతకాదు. మంచం పక్కన కూర్చుని ఆమె మెడలో కొట్టుకునే నరాన్ని చూస్తూ ఉండేదాన్ని. తుమ్మితే ఉలిక్కిపడేదాన్ని. దగ్గితే నా చెయ్యి దానంతటదే ఆమె రొమ్ము మీదికి వెళ్లేది, పైనుంచి నొక్కి ఆపగలిగినట్టు. లోపల, నా బొటనవేలంత లావుండాల్సిన నాళం ఒకటి, అంతకి రెండింతలు సాగి, గుండె కొట్టిన ప్రతిసారీ ఉబ్బుతోందని తెలిసి కూర్చోవడం. నవ్వించకూడదు, ఏడిపించకూడదు. అమ్మ పలాస నుంచి రైల్లో వచ్చి వరండాలో కూర్చుంది, లోపలికి రాలేదు. "నన్ను సూత్తే ఏడుత్తాది," అంది. నిజానికి ఏడ్చేది తనే.

నాకు ఆ దశలో ఒక పాడు ఆలోచన వచ్చేది. ఆ శ్రీకాకుళం డాక్టరు మాటే విని ఉంటే ఇప్పుడు ఇంటి దగ్గర ప్రశాంతంగా ఉండేవాళ్లం కదా, తెలియకుండా ఉండటమే నయం కదా అని. ఆలోచించి, లేచి వెళ్లి కుళాయి దగ్గర ముఖం కడుక్కునేదాన్ని.

ఒక ఉదయం చెల్లి మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. నర్సు అప్పుడే బీపీ చూసి వెళ్లింది. దువ్వెన ఆగిపోయింది.

"అప్పా," అంది. "ఇది ఆ నొప్పి కాదు."

అరవలేదు. ముఖం మాత్రం బూడిద రంగుకి తిరిగిపోయింది, నుదుటి మీద చెమట. నేను వరండాలోకి పరిగెత్తి అరిచాను, ఏమని అరిచానో తెలియదు. మనుషులొచ్చారు, చక్రాల మంచం వచ్చింది. దాన్ని తోసుకుపోతుంటే అమ్మ ఒక పక్క పట్టుకుని వదల్లేదు. ఎవరో అమ్మ వేళ్లు ఒక్కొక్కటీ విడదీశారు. చెల్లి తల తిప్పి చూడాలని ప్రయత్నించింది. తలుపులు మూసుకున్నాయి.

ఆ రోజు అమ్మా నేనూ మెట్ల కింద కూర్చున్నాం. మధ్యాహ్నం ఎప్పుడో అమ్మ అంది, "ఇంటికాడే ఉండుంటే, తోటలో పడిపోయుండేది. మన సేతుల్లో పోయేది." ఇక్కడికి తెచ్చినందుకు తిడుతోందా, ఓదారుస్తోందా నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

సాయంత్రం పొద్దు వాలేవేళకి డాక్టరు బయటికొచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, జుట్టంతా తడిసి ఉంది.

"లోపలి పొర చిరిగింది. బయటి పొర ఒక్కటే ఆపింది. అది ఆపినంతలోనే అందుకున్నాం. సాగిన భాగం తీసేసి గొట్టం కుట్టాం, ఆమె ఒంటికి సరిపడే కొలతది. ఉంది. ఇంకా ఏమీ చెప్పలేను, కానీ ప్రాణంతో ఉంది."

'ఉంది' అన్న మాటని అమ్మ ఆ రాత్రి చాలాసార్లు నాతో చెప్పించుకుంది.

బతికింది. కానీ పూర్తిగా తిరిగి రాలేదు. స్పృహ వచ్చాక చూస్తే ఎడమ చెయ్యి సరిగ్గా లేవలేదు. ఆపరేషను మధ్యలో మెదడుకి ఎక్కడో రక్తం అందలేదన్నారు, కొంత మెరుగవుతుందన్నారు. కొంతే అయింది. ఇంటికొచ్చాక రెండు నెలలకి ఎవరూ చెప్పకుండానే గంపలోంచి పొట్టు తియ్యని పప్పు గుప్పెడు తెచ్చుకుని పళ్లెం ముందు కూర్చుంది. కుడి చెయ్యి పని కుడి చెయ్యి చేసింది. ఎడమ చేతి వేళ్ల మధ్య పప్పు నిలవలేదు. ఒక్కొక్కటీ జారి, విరిగి, బద్దలై పడింది. పళ్లెం తన్నేసింది. పప్పులు గచ్చంతా చెదిరాయి.

"నన్నెందుకు బతికించినావు?" అని అడిగింది నన్ను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది, వినిపించినా వెనక్కి తిరగలేదు. నేను కింద కూర్చుని పప్పులు ఏరుతూ ఉండిపోయాను. ఏరడానికి అవి అయిపోయాక కూడా లేవలేదు.

ఆ ఏడు జీడి కాపు వచ్చినప్పుడు తోటలో రాలిన పిక్కలు ఒక్క చేత్తో ఏరింది. పక్క తోటవాళ్ల పిల్లల్ని అదిలించింది. పనికి రమ్మని ఫ్యాక్టరీ వాళ్లు పిలవలేదు, ఈమె వెళ్లనూ లేదు. ఎప్పుడో నా భర్తకి బీపీ చూపిద్దామని ఇద్దరం శ్రీకాకుళం వెళ్తే ఆ మొదటి డాక్టరు నన్ను గుర్తుపట్టి, చెల్లి ఎలా ఉందని అడిగాడు. జరిగింది చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. "బతికింది కదా," అన్నాడు. ఆయనని నిందించాలని ఎంత వెతికినా నాలో కోపం దొరకలేదు.

కోసి తీసేసింది గుండె దగ్గరి భాగం మాత్రమే. వంపు అవతల మిగిలిన నాళం ఆమెదే, దాని గోడా అలాంటిదే. అందుకని ఏటేటా స్కానింగు. చెల్లి ఎత్తూ బరువూ ముందు చూస్తారు, తర్వాత నాళం చూస్తారు, తర్వాత భాగిస్తారు. ఆ భాగారం అయ్యేదాకా గది బయట బెంచీ మీద కూర్చోవాలి.

కిందటిసారి పాత రిపోర్టుని మడిచి, విప్పి, మళ్లీ మడుస్తూ కూర్చున్నాను. చెల్లి చూసింది.

"నువ్వు ఓపాలి బీపీ సూపించుకో అప్పా," అంది బొంగురు గొంతుతో. "నాకంటే ముందు నువ్వే పోయేటట్టున్నావు."

లోపలినుంచి పిలుపొచ్చింది. ఆమె కుడి చేత్తో బెంచీ అంచు పట్టుకుని లేచింది. నేనూ లేచాను.